నాలుగో నంబరు మీద తువ్వాల

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. పనీపాటా లేనివాళ్లకే అవి కనబడతాయని నా అభిప్రాయం. పొద్దున్నే లేచి రొట్టెలు కాల్చి, సద్ది కట్టుకుని, సాయంత్రం దాకా మిల్లులో పత్తి దుమ్ము మింగి వచ్చేదానికి దయ్యం కనబడాలన్నా తీరిక ఉండాలి కదా. మా ఇంట్లో ఆదివారం చర్చి, మిగతా రోజులు కూలి. ఈ రెంటి మధ్యలో దయ్యానికి చోటు లేదు.

ఇదీ దయ్యం కథ కాదు. ఇందులో తెల్లచీర కట్టుకుని ఎవరూ రారు. ఒక ఇనుప పిడి, ఒక తువ్వాల, మా ఆయన చేతులు, ఇంతే. చూసింది చూసినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ అడగను. సగం రోజులు నేనే నమ్మను.

మాది బల్మూర్ దగ్గర ఊరు. నా పేరు సుగుణ, ఇంటర్ దాకా చదివాను. మా ఆయన బాలస్వామి. అచ్చంపేటకు పోయే రోడ్డు మీద ఒక పత్తి మిల్లులో ఇద్దరం పని చేసేవాళ్లం. మిల్లు పేరు రాయను. సేటు చెడ్డవాడు కాదు, ఆయన పరువు తీసి నేను బాగుపడేదీ లేదు.

పత్తి మిల్లు చూడనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. మిషనులో తోలు చుట్టిన రెండు రోలర్లు తిరుగుతుంటాయి. వాటికి ఆనించి కత్తులుంటాయి. పత్తిని రోలరు లోపలికి గుంజుకుంటుంది, గింజను కత్తి కొట్టి కింద పడేస్తుంది. మిషనుకు పత్తి అందించడం నా పని. కత్తికీ రోలరుకూ మధ్య సందు సరిచేయడం, ఇరుక్కున్నది తీయడం మా ఆయన పని. ఆ పనికి చెయ్యి లోపల పెట్టక తప్పదు.

మిషన్లను నడిపే స్టార్టర్లు మాత్రం దూరంగా గోడకు వరసగా ఉండేవి. అన్నీ పాతకాలపువి. ఇనుప పెట్టె, దాని పక్కన ఒక పిడి. పిడి గుంజితే మోటారు ఎత్తుకుంటుంది, మిషను తిరుగుతుంది. గోడ దగ్గర నిలబడినవాడికి మిషను వెనక ఎవరున్నారో కనబడదు. మధ్యలో పత్తి కుప్పలు, పైగా చప్పుడు. అరిచినా వినబడదు.

పెళ్లయిన కొత్తలో మా ఆయన రాయచూరులో ఒక మిల్లులో పని నేర్చుకున్నాడు. అక్కడి ముసలి ఫిట్టరు ఒకాయన ఒక పద్ధతి నేర్పాడట. మిషనులో చెయ్యి పెట్టే ముందు భుజం మీది తువ్వాల తీసి ఆ మిషను స్టార్టరు పిడికి వేయాలి. వేసినవాడే తీయాలి. ఇంకొకడు దాన్ని ముట్టకూడదు, తువ్వాల ఉన్నంతసేపు పిడి జోలికి పోకూడదు. ఆ పద్ధతిని మా ఆయనే ఈ మిల్లుకు తెచ్చాడు. ఎవరి తువ్వాల ఎవరిదో అందరికీ తెలుసు. మా ఆయనది నీలం గళ్లది. నాలుగో నంబరు పిడి మీద నీలం గళ్లు కనబడితే లోపల బాలస్వామి చెయ్యి ఉన్నట్టు. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే బోర్డు అది.

ఏళ్ల తరబడి ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

ఆ ఏడు దసరాకు సేటుకు ఉత్సాహం వచ్చింది. ఆయుధ పూజ రోజు మిల్లులో మగవాళ్లందరికీ కొత్త తువ్వాలలు పెట్టాడు. అన్నీ ఒకే రకం, తెల్లవి, ఎర్ర అంచువి. మేము చర్చికి పోయేవాళ్లమే అయినా పూజ రోజు అందరితో పాటే నిలబడతాం. పానాలు, సుత్తులు కడిగి, తుడిచి, వరసగా పేర్చేది మా ఆయనే. మనుషులకు పెట్టినట్టే మిషన్లకూ పెట్టాలని సేటు ప్రతి స్టార్టరు పిడికీ ఒక తువ్వాల కట్టించి పసుపు, కుంకుమ పెట్టించాడు. పూజలో కట్టిన బట్టను మనం విప్పకూడదు, అదే చినిగి పడిపోవాలి అంటారు. కాబట్టి ఎవరూ విప్పలేదు.

దసరా పోగానే పత్తి బండ్లు వస్తాయి. సీజను మొదలైతే మిల్లు ఆగదు. ప్రతి పిడి మీదా తువ్వాల ఉంది, ఆ తువ్వాల ఉండగానే పిడి గుంజాలి, గుంజారు. వారం తిరిగేసరికి తువ్వాల ఎవరి కంటికీ ఆనడం మానేసింది.

మా ఆయన పాత నీలం గళ్లది చీలికలైతే, నేను దాన్ని ఉతికి పెట్టెలో పెట్టాను. ఆయన కొత్తది వేసుకుని పోయేవాడు. ఆ రోజు మధ్యాహ్నం నాలుగో నంబరులో పత్తి ఇరుక్కుంది. అలవాటు ప్రకారం తువ్వాల తీసి పిడికి వేసి వెనక్కి పోయాడు. తెల్ల తువ్వాల మీద తెల్ల తువ్వాల.

స్టార్టర్లు నడిపేది మేస్త్రీ కుర్మయ్య. మా పక్క ఊరివాడే. మా ఆయనను తమ్ముడూ అని పిలిచేవాడు, మా ఇంట్లో తిన్నాడు కూడా. ఆయన వచ్చి, నాలుగు ఎందుకు ఆగి ఉందని పిడి గుంజాడు. ఆయన తప్పు ఎంత అంటే నేను చెప్పలేను. తువ్వాల కనబడలేదా అని అందరూ ఆయనను అడిగారు. కనబడింది. దసరా నుంచీ కనబడుతూనే ఉంది.

పాలమూరు పెద్ద దవాఖానలో మా ఆయన కుడి చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. పనిచేసే చెయ్యి అది. మాకు మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటే. పుండు మానుతున్నప్పుడు ఆయన ఒక్కమాట అన్నాడు, అది నా మనసులో నిలిచిపోయింది.

"ఇంగ ఇదొక్కటి గాపాడుకోవాలె సుగుణా. ఇది బోతే నేను ముద్ద గూడ ఎత్తుకోలేను."

ఇంటికి వచ్చాక నొప్పి మొదలైంది. ఉన్న చోట కాదు, లేని చోట. పోయిన చెయ్యి పిడికిలి బిగించుకుని ఉందని, తెరుచుకోవడం లేదని, గోళ్లు అరచేతిలో దిగుతున్నాయని ఏడ్చేవాడు. డాక్టరును అడిగాను. చెయ్యి పోయినవాళ్లలో చాలామందికి ఇలా ఉంటుందని, మెదడుకు ఇంకా తెలియకపోవడమే కారణమని చెప్పాడు. కాబట్టి దీన్ని నేను వింతల్లో లెక్క వేయడం లేదు. ఇది వైద్యులకు తెలిసిన సంగతే.

ఒక్కటి మాత్రం రాయాలి. ఆ పిడికిలి ఎలా బిగుసుకుందో ఎడమ చేత్తో చూపించేవాడు. అది వట్టి పిడికిలి కాదు. మధ్యలో గుండ్రటిది ఏదో ఉన్నట్టు, దాన్ని వదలకుండా బొటనవేలు అడ్డం వేసినట్టు చూపించేవాడు. రోకలి పట్టుకున్నట్టుంది అని నేను అన్నాను. అప్పుడు అంతకుమించి ఆలోచించలేదు.

ఇల్లు గడవాలి కదా. ఆయనను మా అత్త దగ్గర వదిలి నేను మళ్లీ మిల్లుకు పోయాను. సేటు పూజ చేసిన అయ్యగారిని అడిగి మరీ పూజ తువ్వాలలన్నీ విప్పించాడు. ఇకమీదట మిషనులో చెయ్యి పెట్టాలంటే ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలని గట్టిగా చెప్పాడు. మంచి మాటే. ఒక చెయ్యి పోయాక చెప్పాడు, అంతే.

కొత్త ఫిట్టరు వనపర్తి నుంచి వచ్చాడు, ఆంజనేయులు అని. మిగతావాళ్లను చూసి తువ్వాల వేయడం నేర్చుకున్నాడు. ఫ్యూజు పీకడం మాత్రం ఒకరోజు గుర్తుంటే ఒకరోజు మరిచేవాడు.

నేను పనికి ఎక్కిన కొద్ది రోజులకే అది జరిగింది. అన్నం గంట అయి అందరూ తిరిగి వస్తున్నారు. అన్ని మిషన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకుంటున్నాయి. నేను స్టార్టర్ల గోడ పక్కనే తట్ట నింపుతున్నాను. కుర్మయ్య వరసగా పిడులు గుంజుకుంటూ వచ్చాడు. ఎవరితోనో మాట్లాడుతూ, తల అటు తిప్పి, నాలుగో పిడి పట్టి గుంజాడు. అది కదలలేదు. ఇంకోసారి గుంజాడు. రెండు చేతులూ వేసి, కాలు గోడకు తన్నిపెట్టి గుంజాడు. ఇంచు కూడా కదలలేదు.

అప్పుడు చూశాడు. పిడి మీద ఆంజనేయులు తువ్వాల ఉంది.

నేను పరిగెత్తి మిషను వెనక్కి పోయాను. ఆంజనేయులు మోచేతి దాకా లోపల పెట్టి ఉన్నాడు. బయటికి తీయమని లాగాను. ఐదు వేళ్లూ ఉన్నాయి. ఫ్యూజు పెట్టెలోనే ఉంది. తిరిగి వచ్చేసరికి కుర్మయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆంజనేయులు తన తువ్వాల తీసుకున్నాడు. నేనే ఆ పిడి పట్టుకుని గుంజి చూశాను. మెత్తగా వచ్చింది, మోటారు ఎత్తుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి పోతే మా ఆయన మూలకు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. మా అత్త బెదిరిపోయి ఉంది. మధ్యాహ్నం అన్నాలు తినే వేళ ఒక్కసారిగా అరిచాడట. ఎవరో చెయ్యి పట్టి గుంజుతున్నారని, భుజం ఊడివచ్చేలా గుంజుతున్నారని అన్నాడట. నేను మిల్లు సంగతి ఇంకా నోరు తెరిచి చెప్పలేదు. ఫోనూ చేయలేదు. నాకంటే ముందు ఎవరూ వచ్చి చెప్పనూ లేదు, అత్తను గుచ్చి గుచ్చి అడిగాను.

నేను జరిగింది చెప్పాను. ఇదేదో రెండూ ఒకటే వేళకు జరిగాయి చూడు అన్నాను. ఆయన నొప్పిలో కూడా నవ్వాడు.

"నా చెయ్యి గంత పనిమంతురాలా? ఇంట్ల పండుకోని మిల్లుల పని జేస్తుందా? గట్లయితే సేటును దానికి గూడ ఒక తువ్వాల పెట్టుమను."

ఇద్దరం నవ్వాం. ఆ మాట అక్కడితో పోయింది.

మిల్లులో మాత్రం పోలేదు. మర్నాడు ఖాళీ మిషను మీద అందరూ పరీక్ష పెట్టారు. తువ్వాల వేసి గుంజితే నాలుగో పిడి కదలదు. తీసేసి గుంజితే కదులుతుంది. మిగతా పిడులు తువ్వాల ఉన్నా లేకున్నా కదులుతాయి. కరెంటు పనివాడు వచ్చి పెట్టె విప్పాడు. లోపల స్ప్రింగు అరిగి ఉంటుంది, బట్ట బరువుకు అడ్డం పడుతుందేమో అన్నాడు. స్ప్రింగు చూస్తే బాగానే ఉంది. నేను వదిలిపెట్టే మనిషిని కాదు. తడిపిన గోనె సంచి తెచ్చి వేశాను, తువ్వాల కంటే ఎంత బరువు అది. పిడి కదిలింది. నా చీర కొంగు చుట్టి గుంజాను. కదిలింది. ఆంజనేయులు తువ్వాల వేశాను. ఆగిపోయింది.

నేను మొండిదాన్ని. ఆ మధ్యాహ్నమంతా ఏదో కిటుకు ఉంటుందని చూశాను. దొరకలేదు. మూడ్నాలుగు నెలల పత్తి ఆ పిడి కింద నుంచి పోయింది, నాకు కిటుకు దొరకలేదు.

నెమ్మదిగా అందరికీ అలవాటైంది. నాలుగో నంబరు దగ్గర భయం లేదు అనడం మొదలుపెట్టారు. ఫ్యూజు పీకడం మిగతా మిషన్లకే. నాలుగుకు తువ్వాల చాలు. కుర్మయ్య రోజూ ఆ స్టార్టరుకు మొక్కి పని మొదలుపెట్టేవాడు. చేసిన పాపం కడుక్కుంటున్నాడనుకున్నాను. కొన్నాళ్లకు దానికి ఆయనే పూజారి అయ్యాడు. పత్తి అమ్మడానికి వచ్చిన రైతులకూ, లారీవాళ్లకూ పిడి గుంజి చూపించేవాడు. కదలకపోతే అందరికంటే ఆయన ముఖమే ఎక్కువ వెలిగేది.

వాళ్లు అలా గుంజిన రోజుల్లో ఇంటి దగ్గర మా ఆయనకు నొప్పి ఎక్కువయ్యేదా అంటే, కొన్నిసార్లు అయ్యేది. నొప్పి లేని రోజే లేదు కాబట్టి దాన్ని సాక్ష్యంగా పెట్టలేను. ఒకసారి మాత్రం కుర్మయ్యకు చెప్పాను, ఊరికే గుంజకు అన్నా, పాడైపోతది అని. పాడుగాదు చెల్లె, అది మనల గాపాడుతున్నది అన్నాడు.

మా ఆయన పిడికిలి ఎండాకాలమంతా, వానాకాలమంతా మూసుకునే ఉంది. నిద్ర లేదు. తిండి సయించదు. ఒకసారి గొడ్డలి చూపించి, మోచేయి దాకా కొట్టెయ్, నొప్పి పోతదేమో చూద్దాం అన్నాడు. పరాచికం కాదు. గొడ్డలి తీసుకుపోయి పక్కింట్లో పెట్టి వచ్చాను.

మళ్లీ పత్తి వచ్చే కాలానికి సేటు కబురు పంపాడు. ఒంటి చేత్తో చేసే పని ఉంది, మిషన్లకు నూనె వేస్తూ ఉండమని. మా ఆయన ఎగిరి గంతేశాడు. నాకు ఇష్టం లేదు. అయితే వేరే ఏం చూపించగలను? సీజను లేనప్పుడు చేసుకునే కౌలు పొలం వదిలేశాం. ఒంటి చేతివాడికి పార పని ఎవరిస్తారు? ఇంట్లో కూర్చుంటే నొప్పి తప్ప తోడు లేదు. పెట్టెలోని నీలం గళ్ల తువ్వాల తీసి, చీలికలు కుట్టి, ఇదే వేసుకో, మిల్లులో ఇంకెవరికీ ఇలాంటిది లేదు అని ఇచ్చాను.

నూనె వేయడానికే అన్నారు. ఆంజనేయులు సెలవు పెట్టిన రోజు మాత్రం ఆయననే పిలిచేవాళ్లు. ఆయన చేతి ఒడుపు ఆ మిషన్లకు తెలుసు. ఎడమ చేత్తోనే కత్తి సందు సరిచేసేవాడు. నేను గొడవ చేశాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. చెయ్యి పెడితే నాలుగో నంబరులో మాత్రమే పెట్టాలి. వేరే మిషను ముట్టనని నా మీద ఒట్టు వేశాడు. ఆ ఒట్టు తప్పలేదు.

ఆ రోజుల్లోనే దవాఖానలో కసరత్తు నేర్పే ఒక అమ్మాయి మాకు అద్దం సంగతి చెప్పింది. ఒక అద్దం నిలబెట్టాలి. మొండి చెయ్యి అద్దం వెనక్కి పోవాలి, ఉన్న చెయ్యి అద్దం ముందు ఉండాలి. అద్దంలోకి చూస్తే పోయిన చెయ్యి తిరిగి వచ్చినట్టే కనబడుతుంది. అప్పుడు ఉన్న చేతిని మూసి, మెల్లగా తెరవాలి. కళ్లు చూస్తాయి, మెదడు నమ్ముతుంది, పోయిన పిడికిలి తెరుచుకుంటుంది. రోజూ చేయాలి అంది. అచ్చంపేటలో అద్దం కొనుక్కుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

రోజూ చేశాం. ఆయన ఎడమ చెయ్యి తెరిచేవాడు, మూసేవాడు. అద్దంలో కుడి చెయ్యి తెరుచుకునేది, లేని చెయ్యి మాత్రం తెరుచుకునేది కాదు. నాకు విసుగు వచ్చి అద్దాన్ని గోడకు తగిలించి బొట్టు పెట్టుకోవడానికైనా వాడుకుందాం అన్నాను. ఆయన వదల్లేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చున్నాం. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఆయన అద్దం ముందు చెయ్యి పెట్టి చూస్తూ ఉన్నాడు. ఉన్నట్టుండి సుగుణా అని పిలిచాడు. నేను లేచి దగ్గరికి పోయాను.

"ఇడిసింది. బొటనేలు ముందుగాల ఇడిసింది. ఇప్పుడు అన్ని ఇడిసినయ్."

కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏడాది తర్వాత మొదటిసారి ఆ ముఖంలో నొప్పి లేదు. చెయ్యి ఎంత తేలికగా ఉందో చెప్పడానికి మాటలు వెతుక్కున్నాడు. బరువు దించినట్టుంది అన్నాడు. కడుపు నిండా తిన్నాడు. చాప మీద ఒరిగి పసిపిల్లవాడిలా నిద్రపోయాడు. నేను పక్కన కూర్చుని దేవునికి దండం పెట్టాను. ఆ మధ్యాహ్నం నేను సంతోషంగా ఉన్నాను.

సోమవారం ఇద్దరం మిల్లుకు పోయాం. దారి పొడుగునా పాట పాడుతూనే ఉన్నాడు. ఆ రోజు ఆంజనేయులు రాలేదు. పొద్దెక్కాక నాలుగో నంబరులో కత్తి జరిగిందని పిలిచారు. ఆయన పోయి నీలం గళ్ల తువ్వాల పిడికి వేశాడు, నేను చూశాను. ఐదో నంబరు దగ్గర పత్తి అందిస్తూ, నాలుగే కదా అనుకుని నా పని చేసుకున్నాను.

సేటు వెంట రాయచూరు నుంచి వచ్చిన ఒక బేరగాడు లోపలికి వచ్చాడు. సేటు నాలుగో నంబరు గొప్ప చెప్పినట్టున్నాడు, కుర్మయ్య ఎదురుపోయి ఆయనను స్టార్టర్ల గోడ దగ్గరికి తీసుకువచ్చాడు. ఇలాంటివి నేను చాలా చూశాను. తల కూడా ఎత్తలేదు. అప్పుడు గోడ పక్కన తట్ట నింపుకుంటున్నాను కాబట్టి కుర్మయ్య మాట మాత్రం వినబడింది.

"నీలం గళ్లది జూడున్రి సార్. ఇది ఉన్నదంటే మనిషి చెయ్యి లోపల ఉన్నట్టు. ఇగ జూడున్రి, నా బలమంత వెట్టి గుంజుత, కదల్దు."

కదిలింది. తలుపు గడియ తీసినంత సులువుగా వచ్చింది. బలమంతా పెట్టి గుంజాడు కదా, కుర్మయ్య వెనక్కి పడ్డాడు. మోటారు ఎత్తుకున్న చప్పుడు నాకు కాళ్ల కింద తెలిసింది.

ఆ తర్వాతది నేను రాయను.

ఎడమ చెయ్యి కూడా మణికట్టు దాకా తీసేశారు.

కుర్మయ్య దవాఖానకు వచ్చి గేటు బయటే కూర్చున్నాడు. లోపలికి రాలేదు. నేను కొట్టాలనే పోయాను. చెయ్యి లేవలేదు. నా కాళ్ల మీద తల పెట్టి ఒకే మాట అన్నాడు.

"కదల్దు సుగుణమ్మా. కదల్దనే గుంజిన."

ఆయన ఇప్పుడు పని మానేశాడు. ఇంట్లోంచి బయటికి రాడని అంటారు.

నేను ఇప్పటికీ ఆ మిల్లుకే పోతున్నాను. వేరే దారి లేదు. సేటు పాత స్టార్టర్లన్నీ పీకించి గుండీలు నొక్కే కొత్తవి పెట్టించాడు. పాతవి మిల్లు వెనక ఇనుప సామాను కుప్పలో పడి ఉండేవి. తుక్కువాడు వచ్చే ముందు రోజు నేను పోయి నాలుగో నంబరు పెట్టెను వెతికి పట్టుకున్నాను. పసుపు మరక ఇంకా ఉంది. మా ఆయన నీలం గళ్ల తువ్వాల దాని మీద వేసి గుంజాను. కదిలింది. మళ్లీ మళ్లీ వేసి గుంజాను. ప్రతిసారీ కదిలింది. అది ఉట్టి ఇనుము. ఎండలో కూర్చుని దాంతో చాలాసేపు కొట్లాడాను.

కరెంటు లేదు కాబట్టి, పెట్టె పడుకోబెట్టి ఉంది కాబట్టి అలా వచ్చిందని కరెంటు పనివాడు అంటాడు. కావచ్చు. ఆదివారం తెరుచుకున్న చెయ్యికీ సోమవారం కదిలిన పిడికీ సంబంధం లేదని కసరత్తు నేర్పే అమ్మాయి అంటుంది. పాపం, ఆమె మాకు మంచే చేసింది. పాస్టరు గారు, ఇలాంటివి మనసులో పెట్టుకోవద్దమ్మా అన్నారు. వాళ్లందరి మాటా నిజమే కావాలని నాకూ ఉంది. ఏడాది పాటు ఆ పిడిని పట్టుకున్నది ఏమిటో నాకు తెలియదు. ఒకవేళ పట్టుకున్నది మా ఆయన చెయ్యే అయితే, ఊరి వాళ్లందరి చేతులూ కాపాడి, తన తోడబుట్టిన చెయ్యి లోపల ఉన్న రోజే ఎందుకు వదిలింది?

మా ఆయనకు నేనే ముద్ద పెడతాను. ముఖం కడుగుతాను. పోయిన కుడి చెయ్యి అప్పటి నుంచీ తెరుచుకునే ఉందట, నొప్పి లేదట. మొన్న అన్నం పెడుతుంటే నోరు తిప్పుకున్నాడు. ఏంది అని అడిగాను.

"ఎడమది మూసుకుంటున్నది సుగుణా."

పిడికిలి మధ్యలో ఏమన్నా ఉన్నట్టుందా అని అడిగాను. ఉన్నట్టే ఉంది అన్నాడు. ఎలాంటిదో చూపించమనబోయి నోరు మూసుకున్నాను. చూపించడానికి ఆయనకు చెయ్యి లేదు.

మిల్లులో ఇప్పుడు పిడులు లేవు. మరి అది దేన్ని పట్టుకుని ఉందో నాకు తెలియదు. రాత్రింబవళ్లు గోళ్లు దిగుతున్నాయని ఏడుస్తాడు. అద్దాన్ని గోడకు తగిలించేశాను. దాని ముందు పెట్టి తెరిచి చూపించడానికి మా ఇంట్లో ఇక ఆయన చెయ్యి ఏదీ లేదు.